మత్తులో మెలకువ



శస్త్రచికిత్స యనగానే మన పల్లెలలో నందరును ప్రాణభయమును గూర్చియే తలంతురు. రోగి బ్రతికి యిల్లు చేరెనా, గాయము మానెనా, కుట్లు విప్పిరా యని యడుగుదురు. ఈ మూడింటికిని మంచి సమాధానము దొరకిన పిమ్మట కథ ముగిసినదని యెంచి యెవరి పనికి వారు పోవుదురు. కొందరి విషయమున మాత్రము కథ యచ్చటనే మొదలగును. గాయము మానును, మనిషి కోలుకొనడు. మత్తుమందిచ్చి నిద్రపుచ్చిన రోగి, కత్తి యింకను పనిచేయుచుండగనే మేలుకొనుట, అట్లు మేలుకొనినవారిని పిమ్మట నెలల తరబడి పీడించు భయవ్యాధి, ఆ వ్యాధికి గల చికిత్స, వీనిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఈ మెట్టసీమలో చిరకాలముగా వైద్యము చేయుచున్న వాడను. ఇట్టి రోగులను నేను చూచినది వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందినే. అయినను వారిలో నొక్కరును తమంతట తాము మొదట నాయొద్దకు వచ్చినవారు కారు. అందరును వేరు వాకిండ్లు తిరిగి తిరిగి వచ్చినవారే. అందుచేతనే ఈ మాటలు వైద్యులకంటె ముందుగా మీకు చెప్పవలెనని నా కోరిక.

మొదట నొక సందేహమును తీర్చవలెను. కాన్పు ఆపరేషనుకును, వరిబీజమునకును, విరిగిన కాలికిని పెక్కుమారులు వెన్నులో సూది వేసి నడుము క్రిందిభాగమును మాత్రమే మొద్దుబార్చుదురు. అప్పుడు రోగి మేలుకొనియుండుట, మాటలు వినుట, ఎవరో కడుపును లాగుచున్నట్లు తోచుట సహజము. అది మత్తు తప్పుట కాదు. అయితే ఆ సంగతి ముందుగా చెప్పువారు లేనిచో, పూర్తిగా నిద్రపోవుదునని నమ్మి బల్లయెక్కిన పల్లెపడుచు బెదరిపోవును. ఆ బెదురు కూడ కొందరిలో పాతుకొనును.

ముందు చెప్పుట యెంతటి పనిచేయునో చూడుడు. 2020వ సంవత్సరము నవంబరులో గుంటూరులో నొక యువకుని మెదడులోని కంతిని తొలగించిరి. మాటకు సంబంధించిన భాగమునకు హాని కలుగకుండ చూచుటకై, తలను తెరచియున్నంతసేపును అతనిని మెలకువగానే యుంచి, మాటాడించుచు, చలనచిత్రమును చూపుచు పని ముగించిరి. ఈ వార్త పత్రికలలో వచ్చెను. పుర్రె తెరచియుండగా సినిమా చూచుట! అయితే ఆ రోగికి ఏమి జరుగబోవునో ముందే తెలియును. అడిగినవారికి బదులు చెప్పుటకు నోరాడుచునే యున్నది. కావున మెలకువ యొక్కటే మనిషిని చెరచునది కాదు. మెలకువ వచ్చినదని చెప్పుకొనలేకపోవుట చెరచును. ఈ భేదమును గుర్తుంచుకొనిన తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

మత్తుమందు చరిత్ర నొకింత చెప్పెదను. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, శస్త్రవైద్యునిచే మెడమీది కంతిని కోయించెను. ఆ రోగియే తరువాత, తనకు కొంత తెలియుచుండెననియు, మెడను గోకినట్లు మాత్రమే తోచెననియు చెప్పెనట. అనగా ఈ విద్య పుట్టిననాడే మత్తులో మెలకువయు పుట్టినదన్న మాట. మరుసటి యేడు క్లోరోఫారము వచ్చెను. దానిలో ప్రాణాపాయ మెక్కడ నున్నదని తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదు నగరమందే రెండు పరిశోధక సంఘములు కూర్చుండెను. డాక్టరు ఎడ్వర్డు లారీ దానికి పెద్ద. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ధనమిచ్చెను. లండనునుండి లాడరు బ్రంటను అను పండితుడు వచ్చెను. అచ్చటనే క్లోరోఫార మిచ్చుటలో నేర్పు గడించిన రూపాబాయి ఫర్దూన్జీ యను వనితను ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యురాలిగా లెక్కించువారు కలరు. ముందు ఊపిరి యాగునా, గుండె యాగునా అనునదే వారందరి చర్చ. రోగి బ్రతికెనా యనియే నాటి లోకము అడిగెను. బ్రతికినవానికి ఏమి జ్ఞాపకమున్నదని అడుగుట చాలకాలము తరువాతి మాట.

ఆ పాతమందులలో నొక మేలుండెను. మత్తు పలుచబడినచో రోగి మూలిగెడివాడు, కాలు జాడించెడివాడు. వైద్యుడు చూచి మరికొంత ఆవిరి పట్టెడివాడు. 1942వ సంవత్సరము జనవరి 23వ తేదీన కెనడాలోని మాంట్రియలులో హెరాల్డు గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ అను వైద్యులు క్యురారే అను మందును మత్తుతో కూడ వాడిరి. దక్షిణ అమెరికా అడవులలోని వేటగాండ్రు బాణములకు పూయు విషమే అది. అది కండరములను సడలించును. బుద్ధిని నిద్రపుచ్చదు, నొప్పిని చంపదు. దాని సంతతి మందులు నేడు ప్రతి పెద్ద ఆసుపత్రియందును కలవు. వీని మేలు గొప్పది. కడుపు మెత్తబడి శస్త్రవైద్యునకు లోపల పని సుకరమగును. మత్తుమందును ప్రాణమునకు ముప్పు తెచ్చునంత లోతుగా నీయ నవసరము లేదు. నేడు ముదుసలులును చంటిబిడ్డలును ఆపరేషనునుండి క్షేమముగా బయటపడుటకు ఈ మందులును ఒక కారణము. అయితే గంట నాలుకకు గుడ్డ చుట్టినట్లే యిది. ఎంత ఊపినను మ్రోగదు. నిద్రమందు చాలక రోగి మేలుకొనినను రెప్ప కదలదు, వ్రేలు కదలదు, ఊపిరి సైతము యంత్రమే తీయుచుండును. చూచువారికి గాఢనిద్ర, లోపలివానికి సజీవసమాధి.

నిద్రమందు చాలకపోవుట కెల్లప్పుడును వైద్యుని నిర్లక్ష్యమే కారణమని తలపరాదు. రక్తము మెండుగా పోయినవానికి, గుండె బలహీనమైనవానికి ఎక్కువ మత్తిచ్చిన ప్రాణమే పోవును. కడుపులో బిడ్డయున్న తల్లికి పూర్తిమత్తు తప్పనిసరియైనప్పుడు కాలము చాలదు. ఒక్కొక్కప్పుడు ఆవిరినిచ్చు పాత్ర ఖాళీయగును, సూదిగొట్టము ఊడిపోవును.

ఇది యెందరికి జరుగును? స్వీడను దేశపు వైద్యులు 11,785 మంది రోగులను ఒక్కొక్కరిని మూడేసి మారులు ప్రశ్నించి 2000వ సంవత్సరమున లెక్క ప్రకటించిరి. కండరములను సడలించు మందు పడినవారిలో పదివేలకు 18 మందియు, పడనివారిలో పదివేలకు 10 మందియు మెలకువ తెలిసినవారని తేలెను. మందు పడనివారు మేలుకొనినను ఆ వేళ భయపడలేదు, తరువాత మనోవ్యాధి పాలును గాలేదు. బాధపడినవారందరును కదలలేక పడియుండినవారే. ఇంగ్లండు, ఐర్లండు మొదలైన దేశముల వైద్యులు 2014లో వేరొక లెక్క చెప్పిరి. వారు రోగుల నడుగలేదు. రోగులు తమంతట వచ్చి చెప్పినవానినే కూర్చిరి. ఆ లెక్కలో ఇంచుమించు 19,000 మందికి ఒకరు. పూర్తిమత్తుతో కాన్పు ఆపరేషను చేయించుకొనిన తల్లులలో మాత్రము 670 మందికి ఒకరు. ఈ రెండు లెక్కలకును ఇంత యంతర మెందుకని పండితులు వాదించుచున్నారు. నా మటుకు నాకు, అడిగిన యింటికిని అడుగని యింటికిని గల భేదమే యందు ప్రధానమని తోచును. మన సీమలో అడుగువారే లేరు. ఏది యెట్లైనను, ఇది అరుదైన ఆపద. దీనికి జడిసి ఆపరేషను మానుకొనుట, ఏనాడో పిడుగు పడునని సేద్యము మానుకొనుట వంటిది.

ఇక రోగమును గూర్చి. కొన్నియేండ్ల క్రిందట, పెన్న ప్రక్కనున్న యొక పల్లెనుండి నలువదియేండ్ల రైతుగృహిణిని నాయొద్దకు తెచ్చిరి. పిత్తాశయములోని రాళ్లకై ఒక పట్టణపు ఆసుపత్రిలో ఆపరేషను జరిగి అప్పటికి ఏడు నెలలు. గాయము చక్కగా మానినది. అయితే ఆమె వెల్లకిల పండుకొనదు. రాత్రి గోడకు చేరగిలబడి కూర్చుండియే కునుకు తీయును. కునుకులో ఊపిరాడనట్లు లేచును. చలికాలమందును దుప్పటి మెడ దాటనీయదు. ఎవరి చేతిలోనైన ఫోను కీచుమనిన చెమటలు పట్టును. శెనక్కాయ పీకుటకు పదిమందితో పోవునది పొలమే మరచినది. బిడ్డలను కసరుకొనును, మగనిని దరి చేరనీయదు. అత్తగారు గాలి సోకినదని తాయెత్తు కట్టించెను. అదియు పనిచేయకుండుటచే ఒక అమావాస్యనాడు మంత్రగానిని పిలిపించి, నలుగురు కాలుసేతులు నేలకదిమి పట్టుకొనగా వేపమండలతో కొట్టించిరి. కదలలేకపోవుటయే రోగమైన మనిషిని కదలనీయక పట్టుట కంటె ఘోర మేమున్నది? ఆ దినమునుండి ఆమె మాటయే మానెను.

ఆమె కథను మొదట వినినది నేను కాను, ఆమె పెదనాయన. ఆయన చూడవచ్చి, కోడలి తప్పులను గూర్చి అత్తగారు చెప్పినదంతయు విని, తరువాత అరుగుమీద నొంటరిగా ఆమె ప్రక్కన చాలసేపు ఊరక కూర్చుండెనట. అప్పుడామె, "పెద్దనాయనా, నేను నిద్రపోలేదు. కోసేది తెలిసె. వాళ్ల మాటలన్నీ వింటి. అరుద్దామంటే నోరు రాలే" అని చెప్పినది. ఆయన, "అట్లయ్యుంటాది తల్లీ, నువ్వు అబద్ధం సెప్పేదానివి కాదు" అనెను. ఏడు నెలలలో ఆమె కడుపారా ఏడ్చినది ఆ సాయంకాలమేనట. మరునాడే ఆయన ఆమెను బస్సెక్కించి తెచ్చెను.

ఆమె చెప్పిన మాటలలో నొకటి నాకు దారి చూపెను. శస్త్రవైద్యుడు తన తోటలో 900 అడుగులు దింపినను బోరు ఎండినదని ఎవరితోనో చెప్పుచుండెనట. ఆ మత్తువైద్యునకు నేను ఉత్తరము వ్రాసితిని. ఆయన పాత కాగితములను తిరగవేసి, నడుమ కొన్ని నిమిషములు ఆవిరి పలుచనైన గుర్తున్నదనియు, బోరుమాట నిజమేననియు జవాబిచ్చెను. అంతటితో నూరకుండక, ఒక ఆదివారము తానే వచ్చి ఆమె యెదుట కూర్చుండి జరిగినదంతయు విడమరచి చెప్పి, "నా వల్ల నీకు కష్టం కలిగింది, మన్నించమ్మా" అనెను. ఇట్టివారు అరుదు. నేను జెప్పిన 2014 నాటి నివేదికలో, జరిగినదేమో రోగికి బోధపరచుటయే పిమ్మటి చేటును తగ్గించుటలో కీలకమైనదని వ్రాసియున్నది. నా కన్నులార నేను చూచినదియు నదియే. తనకు పిచ్చి యెత్తలేదని ఆమెకు ఆనాడు తెలిసినది.

అయితే నమ్మినంత మాత్రమున రోగము పోదు. స్వీడనులో మెలకువ తెలిసినవారిని రెండేండ్ల తరువాత వెదకి పలుకరింపగా, దొరకిన తొమ్మిదిమందిలో నలుగురు అప్పటికిని తీవ్రముగా బాధపడుచుండిరి. ఆ నలుగురిలో ఆపరేషనువేళ నొప్పి తెలిసినవాడొక్కడే. తక్కినవారిని చెరచినది భయమే. యుద్ధమునుండి, భూకంపమునుండి, బలాత్కారమునుండి బయటపడినవారికి వచ్చు వ్యాధియే యిది. 1980లో దీనికి వైద్యగ్రంథములలో ప్రత్యేక నామము దొరకెను. దీని లక్షణమేమన, గడచిపోయిన ఆపద గడచినట్లు మనస్సునకు తెలియదు. జ్ఞాపకము జ్ఞాపకమువలె రాక, ఇప్పుడే జరుగుచున్నట్లు వచ్చును. అందుచే రోగి దానిని తలపించు ప్రతిదానికిని దూరముగా తొలగును. తొలగినకొలది భయము పెరుగును. ఆసుపత్రి వాసన గిట్టక చక్కెరవ్యాధికి మందులు మానివేసినవారిని చూచితిని.

చికిత్స యేమనగా, శిక్షణ పొందిన మనోవైద్యుడు గాని మనస్తత్త్వజ్ఞుడు గాని ఆ జ్ఞాపకమును రోగిచేత మెల్లమెల్లగా, తన సమక్షమున, చెప్పించును. సాధారణముగా 8 మొదలు 12 పర్యాయములు కూర్చుందురు. మా రోగికి పదునొకండు పట్టెను. కన్నులు మూసికొని, సూది పడిన క్షణమునుండి మొదలుపెట్టి, వరుసగా చెప్పించిరి. భయము పరాకాష్ఠనందిన తావున నిలిపి, "అప్పుడు నీకేమి తోచినది?" అని యడిగిరి. "నేను సచ్చిపోయినా, పూడ్సిపెడతా ఉన్నారు అనుకొంటి" అనెను. "ఇప్పుడు నీకేమి తెలిసినది?" అని యడిగిరి. అది కదలనీయని మందనియు, దాని బలము కొద్దిసేపటిదే యనియు, ఊపిరిని యంత్రము కాపాడుచుండెననియు, తాను బ్రతికి యింటికి వచ్చితిననియు ఆమెయే చెప్పెను. ఆ తెలిసిన మాటను ఆ తెలియని క్షణమునకు అతికించుటయే ఈ విద్య. ఒక దినమున కాదు, మరల మరల. ఇంటివద్ద మంచముతో సాధన: మొదటి వారము మంచముమీద కూర్చుండుట, రెండవ వారము తలుపు తీసియుంచి ప్రక్కకు ఒరగుట, పిమ్మట వ్రేళ్లను కదలించుచు వెల్లకిల పండుకొనుట. వ్రేళ్లు కదలుచున్నవని తెలియుటయే ఆమెకు మందు. నాలుగవ పర్యాయమున రోగము హెచ్చినట్లు కనబడెను. అత్తగారు మాన్పింపబోయెను గాని పెదనాయన మాననీయలేదు. ఇప్పుడామె నిద్రపోవును, పొలమునకు పోవును. ముఖముమీద దుప్పటి మాత్రము నేటికిని కప్పుకొనదు. దానికేమి, కప్పుకొనకుండనిండు.

రోగి జ్ఞాపకమును తలచుచుండగా వైద్యుడు తన వ్రేలిని అటునిటు కదలించి కన్నులను దానివెంట నడిపించు పద్ధతి యింకొకటి కలదు. అమెరికాలో ఫ్రాన్సీన్ షపీరో అను నామె 1987లో కనిపెట్టినది. చూచుటకు మంత్రగాని విద్యవలె నుండును. అది యెందుచే పనిచేయునను వాదము తీరలేదు గాని, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2013లో ఈ రెండు పద్ధతులను సిఫారసు చేసినది. సెర్ట్రలిన్ వంటి మాత్రలును కొందరికి ఉపకరించును. అవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని యడుగక హఠాత్తుగా మానరాదు. నిద్రమాత్రలను మొదటి నెలలోనే అలవాటు చేయుట మంచిది కాదు. సారాయి నిద్ర తెచ్చినట్లే తెచ్చి రోగమును ముదురబెట్టును.

ఆపరేషను చేయించుకొని వచ్చినవారి నడుగుటకు నాలుగైదు ప్రశ్నలు కలవు. 1970నుండి మత్తువైద్యులే వానిని వాడుచున్నారు. నిద్రపోకమునుపు చివర తెలిసినదేమి? లేచినప్పుడు మొదట తెలిసినదేమి? నడుమ నేమైన జ్ఞాపకమున్నదా? కల వచ్చెనా? అన్నిటికంటె కష్టమనిపించిన దేది? ఈ ప్రశ్నలను ఇంటికి వచ్చిన మొదటి వారములో నొకమారు, రెండవ వారములో నొకమారు ఏకాంతముగా అడుగుడు. మొదట లేదన్నవారే తరువాత చెప్పవచ్చును. కెటమిన్ అను మందు పడినవారికి తేలిపోవుచున్నట్లు, వింతరూపములు కనబడినట్లు కలలు వచ్చును. అది మెలకువ కాకపోవచ్చును గాని భయము నిజమైనదే. దానిని గూడ వినుడు. చెప్పనిచ్చగింపనివారిని బలవంతపెట్టకుడు. రచ్చకట్టమీద పదిమందిలో అసలే యడుగకుడు.

పెక్కుమంది మొదటి నెలలోనే తమంతట కుదుటపడుదురు. నెల దాటినను పీడకలలు, బెదురు, తొలగుట తగ్గనిచో వైద్యునకు చూపవలెను. చచ్చెదనను మాట వచ్చినచో ఒక్క దినమును ఆగరాదు. అనంతపురము ప్రభుత్వ వైద్యశాలయందు మనోవైద్యులు కలరు. హిందూపురము వైపువారికి బెంగుళూరులోని నిమ్హాన్స్ దగ్గర. 2017 నాటి చట్టము ప్రకారము మనోవ్యాధికి ప్రభుత్వ చికిత్స పొందుట ప్రతివాని హక్కు. ప్రయాణమునకు వీలులేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సహాయము అది. రేయింబవళ్లు ఉచితముగా తెలుగులో మాటాడుదురు.

అట్టివారికి మరల ఆపరేషను చేయింపవలసివచ్చినచో, వెనుకటి సంగతిని మత్తువైద్యునకు ముందుగా చెప్పవలెను. రోగి విడుచు ఊపిరిలో మత్తు ఆవిరి యెంతయున్నదో కొలుచు యంత్రములును, నుదుట అంటించి మెదడు నిద్రను చూపు పట్టీలును నేడు కలవు. వీలైనచో వెన్నుసూదితోనే పని జరుపుదురు. వెనుకటి ఆసుపత్రి నడిగి, జరిగినదానిని ఒక కాగితముమీద వ్రాయించి, మత్తువైద్యుని సంతకము చేయించి తెచ్చుకొనుడు. ఆ కాగితమును రేషనుకార్డుతో కూడ పెట్టెలో నుంచుడు. ఆపద వచ్చినరాత్రి వెదకునది ఆ పెట్టెనే గదా.